ఆమిష్ ఆడవాళ్లు మామోగ్రామ్‌కి ఎందుకు రారు? అడ్డం మతం కాదు, బిల్లు

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినామె ఒహాయోలో ఒక పల్లెటూరి క్లినిక్‌లో నర్సుగా కొత్తగా చేరారు. చుట్టూ ఆమిష్, మెనోనైట్ కుటుంబాలు, అంటే చాలావరకు పాతకాలపు సాదా జీవనాన్ని పట్టుకుని బతికే క్రైస్తవ సంఘాల వాళ్లు. పిల్లలకు జ్వరం వచ్చినా, కాన్పు దగ్గరపడినా ఆడవాళ్లు క్లినిక్‌కి వస్తారు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), పాప్ పరీక్ష (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం) అనేసరికి మాత్రం మర్యాదగా తలూపి, "ఆలోచించుకుంటాం" అని వెళ్లిపోతారు. మళ్లీ ఆ ఊసు ఉండదు. "వాళ్ల మతం ఒప్పుకోదా? నొప్పించకుండా ఎలా చెప్పాలి? వాళ్ల భాషలో కరపత్రం వేయిస్తే పనవుతుందా?" అని అడుగుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మతం ఒప్పుకోకపోవడం కాదు. క్యాన్సర్ పరీక్ష చేయించుకోకూడదని ఆమిష్ సంఘాల్లో నియమమేదీ నాకు కనపడలేదు. వాళ్లను ఆపేది డబ్బు, ప్రయాణం, సిగ్గు. వీటిలో డబ్బే పెద్దది. అది కూడా పరీక్ష ఖర్చు కాదు. పరీక్షలో ఏదైనా కనిపిస్తే ఆ తర్వాత ఎంతవుతుంది, అది ఎవరి మీద పడుతుంది అన్నదే అసలు లెక్క. ఆ లెక్క మీరు ముందే విప్పి చెబితే సగం మంది వస్తారు. చెప్పకుండా ఎంత మృదువుగా మాట్లాడినా తలూపి వెళ్లిపోతారు.

నేను ఒహాయోలో ఆమిష్ వాళ్లు ఎక్కువగా ఉండే హోమ్స్ కౌంటీ చుట్టుపక్కల చాలా ఏళ్లుగా నర్స్ ప్రాక్టీషనర్‌గా పనిచేస్తున్నాను. చెప్పేదంతా ఈ ప్రాంతపు అనుభవం. పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ వైపో, ఇండియానాలో ఎల్క్‌హార్ట్, లగ్రాంజ్ వైపో కొన్ని పద్ధతులు వేరుగా ఉంటాయి. ఇక్కడ రాసిన కేసుల్లో మనుషులు గుర్తుపట్టేలా ఉండకూడదని వివరాలు కొంచెం మార్చాను. ఇవి చిన్న ఊళ్లు, వయసూ పిల్లల సంఖ్యా చెబితే చాలు ఎవరో తెలిసిపోతుంది.

ముందు ఎవరు ఎవరో తెలుసుకోండి. అమెరికాలో ఆమిష్ జనాభా ఇప్పుడు 4 లక్షలకు పైనే, 30కి పైగా రాష్ట్రాల్లో ఉన్నారు. సగానికి పైగా ఒహాయో, పెన్సిల్వేనియా, ఇండియానాల్లోనే. "ఆమిష్ వాళ్లు ఇలా" అని ఒక్క మాటలో చెప్పడం కుదరదు. 20 నుంచి 40 కుటుంబాలు కలిసి ఒక సంఘం, దానికొక బిషప్, ఆ సంఘానికి దాని నియమాలు. హోమ్స్ కౌంటీలోనే బాగా కట్టుదిట్టమైన స్వార్ట్‌జెన్‌ట్రూబర్ శాఖ కుటుంబాలు ఇంట్లో బాత్రూమ్ కూడా పెట్టుకోవు, కాస్త సడలింపు ఉన్న న్యూ ఆర్డర్ శాఖ వాళ్లింట్లో ఫోన్ ఉంటుంది. మెనోనైట్లలో తేడా ఇంకా ఎక్కువ. గుర్రబ్బండిలో వచ్చే, పాత కట్టుబాట్లు వదలని ఓల్డ్ ఆర్డర్ వాళ్లున్నారు, కారు నడుపుకుంటూ తలకు ముసుగుతో వచ్చే వాళ్లున్నారు, మీ పక్కనే డాక్టరుగా పనిచేస్తున్న మెనోనైట్ ఆవిడకు మీకూ నాకూ ఉన్నట్టే ఇన్సూరెన్సూ ఐఫోనూ ఉంటాయి. మా పాలమూరు వాళ్లకైతే మెనోనైట్ అన్న పేరు కొత్తేమీ కాదు. మెనోనైట్ బ్రెదరెన్ సంఘం అక్కడ ఎన్నో దశాబ్దాలుగా వేళ్లూనుకుంది, జడ్చర్లలో వాళ్ల ఆస్పత్రి చాలామందికి తెలుసు. ఆ పరిచయంతో ఇక్కడికొచ్చి ఓల్డ్ ఆర్డర్ వాళ్లను చూస్తే ఇద్దరికీ పేరు ఒకటే ఎలా అయిందా అనిపిస్తుంది. కాబట్టి బట్టలు చూసి ఊహించకండి, అడగండి. "మీరు ఏ సంఘం? మీకు ఇన్సూరెన్స్ లాంటిది ఏమైనా ఉందా, చర్చి సాయం ఉందా?" అని మామూలుగా అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఓల్డ్ ఆర్డర్ ఆమిష్ కుటుంబాల్లో ఎక్కువమందికి మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ ఉండదు. కష్టం వస్తే సంఘం ఆదుకోవాలి, కంపెనీ కాదు, ప్రభుత్వం అంతకన్నా కాదు అన్నది వాళ్ల పట్టుదల. 1965లో సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను), మెడికేర్ (పెద్దవాళ్లకు ప్రభుత్వ ఇన్సూరెన్స్)ల నుంచి వాళ్లకు మినహాయింపు వచ్చింది. 2010 ఒబామా కేర్ చట్టంలోనూ వచ్చింది. మనకు మామోగ్రామ్ ఫ్రీ అని మనం అలవాటుగా అంటాం. ఆ ఫ్రీ ఇన్సూరెన్స్ కార్డు ఉన్నవాళ్లకే. ఆమిష్ వాళ్లు జేబులోంచి కడతారు. పెద్ద బిల్లయితే సంఘంలో సాయం సంగతులు చూసే పెద్ద, డీకన్ దగ్గరకు వెళ్తుంది, సంఘం నిధి నుంచి కొంత, ఇంటింటా సేకరించి కొంత, పక్క సంఘాల నుంచి కొంత వేసుకుని కట్టేస్తారు. అప్పు మిగల్చరు. కొన్ని ఆస్పత్రులతో ముందే మాట్లాడుకుని నగదు ధర తగ్గించుకుంటారు కూడా.

ఇది తెలిశాక, తలూపి వెళ్లిపోయే ఆమిష్ ఆవిడ మనసులో ఏం తిరుగుతుందో ఊహించండి. పరీక్షకు కట్టేది తన ఇంటి డబ్బు. కానీ ఏదైనా బయటపడితే ఆ బిల్లు ముప్పై కుటుంబాల మీద పడుతుంది. ఏ నొప్పీ లేకుండా తనంతట తాను వెళ్లి వెతికించుకుని, దాన్ని అందరి నెత్తినా వేసినట్టవుతుందేమో అన్న సంకోచం. దీన్ని మనం "అవగాహన లేదు" అని ఫైల్లో రాసేస్తాం.

యాభై దాటిన ఒకావిడ నా దగ్గరికి ఒక కాగితం తెచ్చింది. విత్తనాల కొట్టు బిల్లు వెనక పెన్సిలుతో నాలుగు ప్రశ్నలు రాసుకొచ్చింది. ఫోటో తీయడానికి ఎంత? దాన్ని చదివే డాక్టరుకు ఎంత? మళ్లీ రమ్మంటే ఎంత? సూది పెట్టి చూడాలంటే ఎంత? రొమ్ము క్యాన్సర్ అంటే ఏమిటని ఒక్క ప్రశ్న కూడా లేదు. ఆవిడ పెద్దమ్మ దానితోనే పోయింది, ఆవిడకు తెలియనిదేముంది? రెండో ప్రశ్న చూడండి. మామోగ్రామ్‌కి రెండు బిల్లులు వస్తాయని, మెషీన్ ఉన్నచోట ఒకటి, చదివిన రేడియాలజిస్టుది ఒకటి అని, చాలామంది నర్సులకే తెలియదు. ఈవిడకు తెలుసు, ఎందుకంటే వాళ్ల చెల్లెలికి రెండో బిల్లు తర్వాతెప్పుడో వచ్చి ఇంట్లో గొడవైందట.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని బిల్లింగ్ వాళ్ల దగ్గర కూర్చోవడం. ఇన్సూరెన్స్ లేనివాళ్లకు ముందుగానే రాతపూర్వకంగా ఖర్చు అంచనా ఇవ్వాలని 2022 జనవరి 1 నుంచి చట్టం ఉంది. గుడ్ ఫెయిత్ ఎస్టిమేట్ అంటారు. అసలు బిల్లు ఆ అంచనాను 400 డాలర్లు లేదా అంతకన్నా ఎక్కువ దాటితే పేషెంటు అభ్యంతరం చెప్పొచ్చు. అడగకపోయినా ఇవ్వాల్సిందే, కానీ మీరు వెంటపడితే గానీ అది టైముకి చేతికి రాదు. దాంతో పాటు నేను ఒక పేజీలో మెట్లు మెట్లుగా రాసిస్తాను: మామూలు మామోగ్రామ్ ఇంత, మళ్లీ పిలిస్తే మరికొన్ని ఫోటోలూ అల్ట్రాసౌండూ ఇంత, సూది బయాప్సీ ఇంత, ల్యాబ్ ఇంత. రెండు బిల్లులొచ్చే చోట రెండూ. నగదు కడితే తగ్గింపు ఎంతో అది కూడా. ఆ కాగితం ఇంటికి వెళ్తుంది, భర్త చూస్తాడు, ఒక్కోసారి డీకనూ చూస్తాడు. చూడనివ్వండి.

ఆ కాగితం మీదే ఇంకో మాట చెప్పాలి. స్క్రీనింగ్ మామోగ్రామ్ చేయించుకున్న వందమందిలో సుమారు పదిమందిని మళ్లీ రమ్మంటారు, వాళ్లలో చాలామందికి క్యాన్సర్ ఉండదు. ఇది ముందే చెప్పకపోతే "మళ్లీ రండి" అన్న ఉత్తరం అందగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. చివరికి ఏమీ లేదని తేలాక, "డబ్బు గుంజడానికి పిలిచారు" అన్న మాట ఊరంతా పాకుతుంది. ఒక్క సంఘంలో ఆ మాట పుట్టిందంటే మీ పని ఏడాది వెనక్కి పోయినట్టే.

ప్రభుత్వ సాయం గురించి దాపరికం వద్దు. తక్కువ ఆదాయం, ఇన్సూరెన్స్ లేని ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఉచితంగా చేసే జాతీయ కార్యక్రమం 1990 చట్టంతో మొదలైంది, రాష్ట్రాల ద్వారా నడుస్తుంది, ఒహాయోలోనూ ఉంది. దాని కింద క్యాన్సర్ బయటపడితే మెడికెయిడ్‌లో (పేదలకు ప్రభుత్వ ఇన్సూరెన్స్) చికిత్స పొందే వీలు 2000లో వచ్చింది. కొన్ని కుటుంబాలు తీసుకుంటాయి, కొన్ని ససేమిరా అంటాయి. "ఫ్రీ" అని మాత్రమే చెప్పి సంతకం పెట్టించుకుని, తర్వాత అది ప్రభుత్వ సొమ్మని తెలిస్తే మీ మీద నమ్మకం పోతుంది. "ఇది ప్రభుత్వం డబ్బు, మీకు ఇష్టమైతేనే" అని ముందే చెప్పండి. ఒహాయోలో ఆమిష్, మెనోనైట్ ఆడవాళ్ల కోసమే పనిచేసే ప్రాజెక్ట్ హాఫ్‌నుంగ్ అని ఒకటుంది. రొమ్ము ఆరోగ్యం గురించి వాళ్ల మధ్యకే వెళ్లి చెబుతారు, పరీక్షలకు దారి చూపిస్తారు. మీరు కొత్త కాబట్టి ముందు వాళ్లతో మాట్లాడండి, సొంతంగా కార్యక్రమం కనిపెట్టాల్సిన పనిలేదు.

"మాలో క్యాన్సర్ తక్కువటగా?" అని మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. అందులో నిజముంది, కాదనకండి. 2010లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో ఒహాయో ఆమిష్ పెద్దల్లో క్యాన్సర్ రేటు రాష్ట్రం మొత్తం రేటులో దాదాపు 60 శాతమే అని తేలింది. పొగాకుతో వచ్చే క్యాన్సర్లయితే 37 శాతమే. పొగ తాగడం, మద్యం తక్కువ, ఒళ్లొంచి పని, ఎక్కువ కాన్పులు, పిల్లలందరికీ తల్లిపాలు. వీటిలో చాలా వరకు రొమ్ము క్యాన్సర్ ముప్పును తగ్గించేవే. అందుకే "ప్రతి 8 మందిలో ఒకరికి" అన్న పోస్టరు వాక్యం ఇక్కడ ఎదురుతిరుగుతుంది. ఆవిడ తన సంఘంలో ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఈ నర్సు అబద్ధమాడుతోంది అనుకుంటుంది. నేనైతే, "మీలో తక్కువే. కానీ వచ్చినవాళ్లు మా దగ్గరకు చేరేసరికి గడ్డ చేతికి తగిలేంత అవుతోంది. చిన్నగా ఉన్నప్పుడు దొరికితే ఆపరేషన్ చిన్నది, ఖర్చూ చిన్నది" అంటాను. భయపెట్టే మాటకంటే ఈ లెక్క వాళ్లకు బాగా ఎక్కుతుంది.

"దేవుడి చిత్తం" అనే మాట కూడా వింటారు. దాన్ని నిరాకరణగా రాసుకోవద్దు. మనూళ్లో పెద్దవాళ్లు "అంతా ఆ పైవాడి దయ" అంటూనే బీపీ మాత్ర వేసుకోరూ? అంతే. ఆ మాట మీద మీరు వాదన పెట్టుకోకుండా ఊరుకుంటే చాలు, మరుక్షణం ఆవిడే "ఏ రోజు ఖాళీ ఉంది?" అని అడగొచ్చు.

పరీక్ష గదిలో సంగతులు. ఇది చిన్న విషయమని కొట్టిపారేస్తారు గానీ, రెండోసారి వస్తుందా రాదా అన్నది ఇక్కడే తేలుతుంది. చాలా సంఘాల్లో ఆడవాళ్ల దుస్తులకు గుండీలు ఉండవు. పైన వేసుకునే కేప్, ఏప్రాన్ అన్నీ గుండుసూదులతో బిగించుకుంటారు. వరసగా, ఒక్కోటీ దాని చోట. ఐదు నిమిషాల్లో మార్చుకోమని గౌను చేతికిచ్చి తలుపేస్తే ఆవిడ ఆ సూదులన్నీ ఎక్కడ పెట్టాలి? నోట్లో పెట్టుకుంటుంది, లేదా గౌను అంచుకు గుచ్చుతుంది. మా దగ్గర కుర్చీ పక్కన ఒక చిన్న పింగాణీ గిన్నె పెట్టాం, పక్కనే గోడకు అద్దం. అంతే. "ఈ గిన్నె మీ సూదులకి, తొందరేం లేదు" అని టెక్నీషియన్ ఒక మాట అంటే ఆవిడ భుజాలు కిందికి దిగడం కనిపిస్తుంది. వీళ్లకు అపాయింట్‌మెంట్ పదిహేను నిమిషాలు ఎక్కువ పెట్టండి, తిరిగి సూదులు పెట్టుకోవడానికి ఇంకా ఎక్కువ పడుతుంది.

నెత్తిన ఉండే తెల్లటి ప్రార్థన టోపీ తీయమనకండి. మామోగ్రామ్‌కి దానితో అడ్డేమీ లేదు. గౌను నడుము దాకా జార్చకుండా ఒకవైపు మాత్రమే తెరిచి, అది అయ్యాక మూసి రెండోవైపు తెరవాలి. టెక్నీషియన్ ఆడమనిషే అయి ఉండాలి, ఆ సంగతి అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే పేరుతో సహా చెప్పాలి. ఎక్స్‌రే మీద అభ్యంతరం నేను వినలేదు. మామూలు ఫోటోలంటే మాత్రం వాళ్లకు పడదు, కాబట్టి రిజిస్ట్రేషన్ దగ్గర కెమెరా తిప్పి పేషెంట్ ఫోటో తీసే అలవాటు మీ ఆస్పత్రిలో ఉంటే వీళ్లకు మానిపించండి.

భర్త పక్కనే ఉండి జవాబులన్నీ ఆయనే చెబితే కంగారు పడకండి. ఇంట్లో ఇద్దరూ కలిసి నిర్ణయించుకునే విషయం ఇది, ఖర్చుందిగా. కానీ బరువు చూసే నెపంతోనో, మూత్ర పరీక్ష నెపంతోనో ఆవిడతో ఒంటరిగా రెండు నిమిషాలు దొరికించుకోండి. గడ్డ ఏమైనా తగిలిందా, ఎవరికీ చెప్పని రక్తస్రావం ఉందా అన్నది అప్పుడే బయటికొస్తుంది. ఇంకోటి, వాళ్లు మొహం మీద కాదనరు. ఎదుటివాళ్లను కాదనడం వాళ్లకు మర్యాద కాదు. తలూపడాన్ని ఒప్పుకోలుగా తీసుకుని డేట్ రాసేసుకుంటే ఆ డేట్‌కి రారు. "ఇంటికెళ్లి మాట్లాడుకుని, గురువారంలోగా నాకు కబురు చేస్తారా?" అని అడిగితే నిజమైన జవాబు వస్తుంది.

అసలు ఒక్కొక్కరినీ ఒప్పించడం దండగ పని. అక్కచెల్లెళ్లు, తోడికోడళ్లు, పక్కింటివాళ్లు కలిసి రావడం వాళ్లకు సుఖం. బగ్గీ గంటకు పది మైళ్లు దాటదు. ఆస్పత్రి ముప్పై మైళ్ల దూరంలో ఉంటే వ్యాను డ్రైవర్ని మాట్లాడుకోవాలి, అతను మైలుకింత, వెయిటింగ్‌కింత తీసుకుంటాడు. ఒక్కరొస్తే ఆ ఖర్చు కొన్నిసార్లు పరీక్ష ఖర్చుకే దగ్గరవుతుంది. ఆరుగురొస్తే పంచుకుంటారు. అందుకే ఒక పొద్దుట వరసగా ఆరు స్లాట్లు ఒకే ఊరికి ఇవ్వమని షెడ్యూలింగ్ వాళ్లను ఒప్పించండి. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదంటారు. ఒప్పుకుంటుంది, మేనేజర్ చెప్పాలంతే. మొబైల్ మామోగ్రామ్ వ్యాను దొరికితే ఇంకా మంచిది. చర్చి ముందు కాకుండా బట్టల కొట్టు దగ్గరో, మౌంట్ హోప్ లాంటి ఊళ్లలో వేలం జరిగే చోటో, గుర్రాలు కట్టే రాట ఉన్న దగ్గర పెట్టించండి.

రోజులు చూసి పెట్టండి. సోమవారం ఉతుకుడు రోజు, ఎవరూ రారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో కూరలూ పళ్లూ సీసాలకెత్తే పని. లాంకాస్టర్ వైపు అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా మంగళ, గురువారాలు పెళ్లిళ్లే. అసెన్షన్ డే, పెంతెకొస్తు సోమవారం, డిసెంబరు 26, కొన్నిచోట్ల జనవరి 6 పాత క్రిస్మస్, ఇవి మన క్యాలెండర్లో ఉండవు, వాళ్లకు సెలవులు. మా దగ్గర జనవరి చివర, ఫిబ్రవరి బాగా కుదురుతాయి, మంచు దయతలిస్తే.

గర్భాశయ ముఖద్వార పరీక్ష వేరే కథ. ఇక్కడ డబ్బుతో పాటు సిగ్గు పెద్దది. ఈ సంఘాల్లో ఒక్కో ఇంట్లో ఆరేడుగురు పిల్లలు మామూలు. కాన్పులు చాలావరకు ఇంట్లోనో బర్త్ సెంటర్లోనో మిడ్‌వైఫ్ చేతుల మీద జరుగుతాయి. ఆవిడ మాటకున్న బరువు మీకూ నాకూ రాదు. కాన్పు తర్వాత ఆరో వారం చూపించుకునేటప్పుడే పాప్ పరీక్ష చేయగలిగితే, లేదా చేయించమని ఆవిడ చెప్పగలిగితే, నలభై ఏళ్ల వరకు సమస్య లేదు. ఆఖరి బిడ్డ తర్వాత అసలు ఇబ్బంది మొదలవుతుంది. నలభై మూడు, నలభై నాలుగేళ్లకు కాన్పులు ఆగిపోతాయి, మిడ్‌వైఫ్ దగ్గరకు వెళ్లే పని ఉండదు, సరిగ్గా క్యాన్సర్ ముప్పు పెరిగే వయసుకు ఆ తల్లి మన కళ్ల ముందు నుంచి మాయమైపోతుంది. ఆ ఆఖరి కాన్పు తర్వాతి విజిట్ వదులుకోవద్దు. "పాలిస్తున్నాను, మామోగ్రామ్ తర్వాత చూద్దాం" అంటే, పాలిస్తున్నప్పుడు కూడా చేయించుకోవచ్చని, ముందు బిడ్డకు పాలిచ్చి వస్తే చాలని చెప్పండి.

మా ఫారంలో "ఎంతమంది భాగస్వాములు" అన్న ప్రశ్న ఉండేది. ముప్పై ఏళ్లుగా ఒకే భర్తతో కాపురం చేస్తున్న మనిషికి అది తిట్టులా తగులుతుంది. అవసరమైన వైద్య సమాచారం మనిషిని బట్టి నోటితో అడగొచ్చు, కాగితం మీద అందరికీ ఒకేలా గుద్దనక్కర్లేదు. పెళ్లికాని పాతికేళ్ల టీచరమ్మకు లోపలి పరీక్ష చేయాలంటే ముందు డాక్టరుతో మాట్లాడి, అవసరం ఎంతో చూసి, ఆ అమ్మాయికే నిర్ణయం వదలండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ గురించి చెప్పేటప్పుడు, "ఇది చాలామందికి సోకే వైరస్, ఎప్పుడో వచ్చి ఏళ్ల తరబడి కదలకుండా ఉండొచ్చు" అంటే చాలు. ఎవరి గతం మీదా వేలు చూపినట్టు ఉండకూడదు.

ఇక్కడ ఒక మంచి కబురుంది. ఆస్పత్రిలోనో క్లినిక్‌లోనో బాత్రూమ్‌లోకి వెళ్లి తానే స్వాబ్‌తో నమూనా తీసుకునే హెచ్‌పీవీ పరీక్షకు 2024 మేలో ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) అనుమతి ఇచ్చింది. 2025 మేలో ఇంటి దగ్గరే తీసుకుని పంపే కిట్‌కీ వచ్చింది. ఇంటి కిట్ వ్యవహారం ఆన్‌లైన్‌లో నడిచేది కాబట్టి వీళ్లకు అంతగా అక్కరకు రాదు, కానీ క్లినిక్‌లో సొంత స్వాబ్ మాత్రం వరమే. బల్ల మీద పడుకోనక్కర్లేదు అనగానే పదేళ్లుగా తప్పించుకు తిరిగినవాళ్లు కూడా సరే అంటారు. పాజిటివ్ వస్తే మాత్రం లోపలి పరీక్ష తప్పదని అప్పుడే చెప్పాలి, దాని ధరతో సహా.

వయసుల లెక్క క్లుప్తంగా: మామోగ్రామ్ 40 నుంచి 74 వరకు రెండేళ్లకోసారి అన్నది 2024లో అమెరికా ప్రివెంటివ్ టాస్క్‌ఫోర్స్ ఇచ్చిన సలహా. పాప్ 21 నుంచి మూడేళ్లకోసారి, 30 దాటాక హెచ్‌పీవీ పరీక్ష అయితే ఐదేళ్లకోసారి, 65 వరకు. పెద్దపేగు క్యాన్సర్ 45 నుంచి. దీనికి కొలనోస్కోపీ (గొట్టం పెట్టి పేగు లోపల చూడటం) ఊసెత్తకుండా ముందు ఫిట్ పరీక్షతో మొదలుపెట్టండి. మలం నమూనా ఇంట్లో తీసుకుని పోస్టులో పంపేదే, చవక, సిగ్గు తక్కువ, ఏడాదికోసారి. అందులో తేడా వస్తే కొలనోస్కోపీ తప్పదని ఇక్కడా ముందే చెప్పాలి.

ఒక లాభం కూడా ఉంది, చాలామంది వాడుకోరు. కుటుంబ చరిత్ర. నా వంశంలో ముత్తాత తల్లి ఎలా పోయిందో నాకు తెలియదు. వీళ్లను అడిగితే మేనత్తలు, వాళ్ల కూతుళ్లు, ఎవరు ఏ వయసులో ఏ జబ్బుతో పోయారో గుక్కతిప్పుకోకుండా చెబుతారు, ఇంట్లో అచ్చేసిన వంశావళి పుస్తకాలు ఉంటాయి. చిన్నవయసులో రొమ్ము, అండాశయ, పెద్దపేగు క్యాన్సర్లు ఒకే ఇంట్లో కనబడితే జెనెటిక్ కౌన్సెలింగ్ దాకా తీసుకెళ్లే ఆధారం అక్కడే దొరుకుతుంది.

రిజల్ట్ చేరవేయడం దగ్గర చాలా క్లినిక్‌లు తప్పటడుగు వేస్తాయి. వాళ్లకు ఆన్‌లైన్ పోర్టల్ లేదు, ఈమెయిల్ లేదు. ఫోన్ ఉంటుంది, కానీ రోడ్డు పక్కన చిన్న గదిలో, మూడు నాలుగు ఇళ్లకు కలిపి ఒకటే వాయిస్‌మెయిల్. అందులో "మీ మామోగ్రామ్‌లో తేడా ఉంది" అని వదిలితే ముందు పక్కింటాయన వింటాడు. మొదటి రోజే అడిగి ఫైల్లో రాసుకోండి: ఉత్తరమా, ఫోనా, ఫోనయితే ఏ టైముకి గది దగ్గరుంటారు, మెసేజ్‌లో ఏం చెప్పొచ్చు. "క్లినిక్‌కి ఒకసారి ఫోన్ చేయండి" అన్నంత వరకే చాలు. మామోగ్రామ్ ఉత్తరం 30 రోజుల్లో, అనుమానం గట్టిగా ఉంటే 7 రోజుల్లో చేరాలని నియమం. 2024 సెప్టెంబరు 10 నుంచి రొమ్ము కణజాలం చిక్కగా ఉందో లేదో కూడా అందులో రాయాలి. ఆ వాక్యం చదివి క్యాన్సరే అనుకుని వ్యాను కట్టించుకుని వచ్చిన వాళ్లున్నారు. చాలామందికి ఉండేదే, జబ్బు కాదు అని పరీక్ష రోజే చెప్పి పంపండి.

ఆకు మందులు, పసర్లు, కైరోప్రాక్టరు, మెక్సికోలో వైద్యం, ఇవన్నీ వింటారు. మెక్సికోకి వెళ్లడం పిచ్చి కాదు, అక్కడ మొత్తం ఖర్చు ముందే ఒక్క అంకెలో చెబుతారు. ఇక్కడ మనం చెప్పం. దాన్ని వెక్కిరించే ముందు మన బిల్లు చూసుకోవాలి. అయితే నేను గట్టిగా మాట్లాడేది ఒక్క విషయంలోనే: గడ్డను "బయటికి లాగుతుంది" అని పూసే నల్ల లేపనం. అది చర్మాన్నీ మంచి కణజాలాన్నీ తినేస్తుంది, పైన మానినట్టు కనిపిస్తుంది, లోపల గడ్డ అలాగే పెరుగుతుంది. ఎఫ్‌డీఏ కూడా వద్దని హెచ్చరించింది. మిగతా వాటి గురించి "ఏం వాడుతున్నారో నాకు చెప్పండి, నేను కోప్పడను" అంటాను. చెబుతారు. చెప్పినప్పుడు నిజంగానే కోప్పడకూడదు మరి.

చివరికి మీ కరపత్రం. ఇంట్లో మాట్లాడే పెన్సిల్వేనియా డచ్ (జర్మన్‌కు దగ్గరి భాష) చాలావరకు నోటి భాషే, దాంట్లో చదివేవాళ్లు తక్కువ. స్కూల్లో నేర్చుకునేది ఇంగ్లీషే. చదువు ఎనిమిదో తరగతి వరకు, దానికి 1972 సుప్రీంకోర్టు తీర్పు అండ ఉంది. కాబట్టి అనువాదం మీద డబ్బు పెట్టకండి. తేలిక ఇంగ్లీషులో ఒక్క పేజీ చాలు. ఫోటోలు వద్దు, గీత బొమ్మలు వేయించండి, నవ్వుతున్న మోడల్సూ గులాబీ రిబ్బనూ తీసేయండి. పరీక్ష చేసే ఆవిడ పేరు, రెండు బిల్లులూ కలిపి ధర, ఏ రోజు, గుర్రం కట్టే చోటు ఉందా, ఫోన్ నంబరు. వెబ్‌సైట్ అడ్రసు అక్కర్లేదు. అదే సమాచారాన్ని ఒహాయోలోని షుగర్‌క్రీక్ నుంచి 1890 నుంచీ వస్తున్న ద బడ్జెట్ పత్రికలో చిన్న ప్రకటనగా ఇవ్వండి, ప్రతి ఇంట్లో చదువుతారు. కరపత్రం అచ్చుకిచ్చే ముందు ఊళ్లో ఇద్దరు ముగ్గురు మిడ్‌వైఫ్‌లకు చూపించి, వాళ్లు కొట్టేసినవి కొట్టేయండి.